కుట్లు విప్పిన పట్టీ

కొండ అంచున వేలాడితేగానీ కొందరికి బతికున్నట్టు ఎందుకనిపించదు? ఇన్నేళ్లొచ్చినా నాకు అంతుబట్టలేదు.

మా బావ దర్జీ. వారమంతా మిషను మీద వంగి, ఎవరేమడిగినా "ఊఁ" అనేవాడు. సెలవునాడు కొండలెక్కి వస్తే మాత్రం వీధి మలుపులోనే ఆయన నవ్వు వినిపించేది. తాడుకు తగిలించే నడుంపట్టీ కూడా తనే కుట్టుకునేవాడు.

ఓసారి జారిపడి చెయ్యి విరిగింది. అది నయమవగానే మళ్లీ సంచీ సర్దుతుంటే, పుస్తకం చదువుకుంటున్న నన్ను అక్క వంటింట్లోకి లాగింది.

"పట్టీ కుట్లు విప్పేశాన్రా. చూసి మానుకుంటాడనుకున్నా. చూడకుండానే సంచీలో కుక్కేశాడు!"

బావ అప్పటికే బూట్లు తొడుక్కుంటున్నాడు. అక్క పరుగున వెళ్లి సంచీ లాక్కుంది.

"ఈ పట్టీ వద్దండీ. కుట్లు నేనే విప్పాను."

బావ పట్టీ తీసి రెండు చేతులా లాగాడు. పర్రున ఊడిపోయింది.

"పడి చచ్చేవాణ్ణే," అన్నాడు మెల్లగా.

"మిమ్మల్ని ఆపుదామనే..." అంది అక్క. "ఇంట్లో ఉంటే ఏం పోయింది?"

"ఉండి? మీ తమ్ముడిలా పుస్తకంలో కొండలెక్కనా? ఈ మిషను ముందు నాకు ఊపిరాడదే!"

ఆ మిషను ముందే కూర్చుని పట్టీని మళ్లీ కుట్టాడు. దూలానికి కట్టి, బరువంతా వేసి వేలాడి చూశాడు. అక్క కళ్లు మూసుకుంది. తెరిచేసరికి, వెళ్లొస్తానని కూడా అనకుండా మెట్లు దిగిపోతున్నాడు.