పురుగులేని వాగు

హిమాలయాల్లో మంచు కరిగి పారే వాగునీళ్లు దోసెడు తాగానని మా తోటపల్లి గూడూరులో చెప్పాను. చెప్పగా చెప్పగా అది బిందెడైంది.

ఆ వాగు పక్కన టీకొట్టు నడిపే ఆవిడ నీళ్లలోని రాళ్లు తిరగేసి చూస్తోంది. రొయ్యల గుంటల్లో పురుగు పడకుండా మందు చల్లేవాణ్ణి కదా, వచ్చీరాని హిందీలో మెచ్చుకున్నాను.

“ఏం నీళ్లమ్మా! ఒక్క పురుగన్నా లేదే!”

ఆవిడ మొహం వాడిపోయింది. “రాళ్ల కింద పురుగులుంటేనే మాకవి మంచినీళ్లు, పెద్దాయనా. పైనున్న హోటళ్ల మురుగు కలిశాక ఒక్కటీ బతకలేదు.”

“మరి తాగేదెట్టమ్మా?”

“వేరే నీళ్లెక్కడివి?” అంటూ బిందె ముంచింది.

నేనా? ఒక్క చుక్క కూడా తాగలేదు. ఆవిడ కొట్లోనే సీసా నీళ్లు కొనుక్కున్నాను. అవి నాకమ్మి, ఆవిడ ఆ బిందె నెత్తికెత్తుకుని ఇంటికి వెళ్లింది.