బొచ్చెల్లో గుడ్లు లేవని చెరువు దాకా వెళ్ళాను

మందులు కలిసిన మురుగు చెరువుల్లో చేరితే చేపలు గుడ్లు పెట్టడం మానేస్తాయని ఒక చిన్న పుస్తకంలో చదివినప్పటి నుంచి నాకు ఒళ్ళు మండిపోతూ ఉంది. ఆ వారమే గుంతకల్లులో మా అమ్మ మూడుసార్లు బొచ్చె చేప కోసింది. ఒక్కదాంట్లోనూ గుడ్లు లేవు. బుక్కరాయసముద్రం అవతల ఒక చిన్న చెరువులోవని అమ్మినామె చెప్పింది. ఇంకేం కావాలి? ఆ చెరువు పేరు పెట్టి, ‘విషపు చేపలు తినకండి’ అని కరపత్రం రాసి ప్రెస్సులో ఇచ్చేశాను. మర్నాడు సాయంత్రం నాలుగుకు అచ్చేస్తామన్నారు. ఈలోగా ఫోటోలు తీసుకొద్దామని తెల్లవారుజామునే రైలెక్కాను.

అనంతపురంలో దిగేసరికి ఏడు దాటింది. షేర్ ఆటోలో ఇరవై రూపాయలకు బుక్కరాయసముద్రం, అక్కడి నుంచి మట్టిదారిన అరగంట నడక. గట్టు మీద ఓబులమ్మ అనే ఆమె చేపలు కోస్తోంది. నా ఉపన్యాసమంతా విని, కత్తిపీట ముందు నుంచి లేవకుండానే అంది.

"ఏమప్పా, ఇవి పోయిన కార్తీకంలో మేం తెచ్చి ఇడిసిన పిల్లలు. ఇంకా ఏడాది నిండలే. నీకు ఏడాదికే మీసాలొచ్చినాయా?"

పెద్దవైనా బొచ్చెలు నిలిచిన నీళ్ళలో గుడ్లు పెట్టవట. అందుకే ఏటా పిల్లల్ని కొని తెచ్చి వదులుతారట. నా పుస్తకంలో ఈ ముక్క లేదు. అయినా తగ్గలేదు నేను, మరి ఈ నీళ్ళు మంచివని నమ్మకమేమిటని గట్టిగానే అడిగాను. ఆమె భర్త రామన్న నన్ను పుట్టి ఎక్కించి, ఆ గుండ్రటి బుట్ట పడవను జమ్ము పక్కకు నడిపాడు. అక్కడ నీటి మీద దోసెడంత ఎర్రటి గుంపు సుళ్ళు తిరుగుతోంది. కొరమీను పిల్లలు. కింద తల్లీతండ్రీ కాపలా. పిల్లలు చెదిరిపోయేదాకా ఆ చుట్టుపక్కల ఎవరూ వల వేయరట.

"ఇవి మేం తెచ్చినవి కాదు. ఈడ్నే పుట్టినాయి," అన్నాడు రామన్న.

అప్పుడు కరపత్రం సంగతి చెప్పాను. తెడ్డు ఆగిపోయింది.

"అది బయటికొస్తే మా చేపను ఎవరు ముట్టుకుంటారప్పా? చెరువు నిండక మూడేండ్లు బెంగళూరుకు కూలికి పోయినాం."

పుట్టిలోంచే ప్రెస్సుకు ఫోన్ చేశాను. ఇంకా మొదలు పెట్టలేదన్నారు. కరపత్రం వేయొద్దని చెప్పి ఫోను జేబులో పెట్టుకున్నాను.

పుస్తకం చెప్పిన ప్రమాదం అబద్ధం కాదు, ఒక్క పిల్లల గుంపు నీళ్ళకు సర్టిఫికెట్టూ కాదు. అందుకే నీళ్ళు పరీక్షించమని గట్టు మీదే కూర్చుని అర్జీ రాశాం. మొదటి సంతకం ఓబులమ్మదే. కోపం పోలేదు నాకు, కానీ ఈసారి అది వాళ్ళ పక్కన కూర్చుంది. ఆ కొరమీను పిల్లల్ని చూడ్డానికి వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: ఆషాఢం గాలి లేవకముందే, పొద్దున తొమ్మిదిలోపు చేరుకోండి. నీళ్ళు కదిలితే పిల్లలు కనబడవు, లేవనుకుని తిరిగొచ్చేస్తారు.