ఫ్రిజ్‌లో పెట్టరాదు

నాకు చదువు నలభై దాటాక వచ్చింది. అప్పటికే కొవ్వూరులో ఒక డాక్టరమ్మ గారి నర్సింగ్ హోములో ఆయాగా పదేళ్ళు చేశాను. సాయంత్రాలు మా పేట చర్చి వరండాలో పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పేవారు. ఒత్తులు పట్టుబడడానికే ఏడాది పట్టింది. పట్టుబడ్డాక మాత్రం కంటికి ఏది కనిపిస్తే అది పైకి చదివేదాన్ని. బస్సు బోర్డు, మందు సీసా మీది చీటీ, గోడ మీది ఎన్నికల రాత. "మనసులో చదువుకో ఆయమ్మా, మాకు చెవులు పోతున్నాయి" అని నర్సమ్మ గారు విసుక్కునేవారు.

మా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో చాలామంది తెల్లబట్ట అవుతోందనో, పొత్తికడుపులో నొప్పనో వచ్చేవారు. ఆ మాట చెప్పే ముందు గది తలుపు వైపు ఒకసారి చూసేవారు. డాక్టరమ్మ గారికి అనుమానం తగిలితే లోపలి తడి తీసి పరీక్షకు పంపేవారు. మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, కాళ్ళ మీద దుప్పటి కప్పి, నేను టార్చి పట్టుకునేదాన్ని. లోపల పెట్టే పనిముట్టుకు డెట్టాలు గానీ జారుడు మందు గానీ రాయకూడదు. వట్టి నీళ్ళతో తడపాలి. మందు తగిలితే మనం వెతికే క్రిమి అక్కడే చచ్చిపోతుంది. కొసన దూది చుట్టిన పుల్లను గర్భసంచి మూతి దగ్గర తిప్పి, పక్కలకు తగలకుండా బయటికి తీసి, గొట్టంలో దించేవారు. గొట్టంలో నల్లటి జిగురు ఉండేది, బొగ్గుపొడి కలిపింది. రాజమండ్రి లాబ్‌కు చేరేవరకు క్రిమి అందులో ప్రాణంతో ఉంటుందని చెప్పారు. ప్రాణమున్న రోగాన్ని చేత్తో పట్టుకున్నట్టుండేది నాకు. ఆ గొట్టాన్ని ఒంటికి దూరంగా పట్టుకుని నడిచేదాన్ని.

ఒక వేసవిలో నర్సమ్మ గారు కాలు విరిగి ఇంట్లో ఉండిపోయారు. గొట్టాలు పంపే పని నా మీద పడింది. పొద్దుట తీసినవాటిని సాయంత్రం అయిదు గంటల బస్సులో కండక్టరు చేతికి ఇస్తే, బ్రిడ్జి అవతల లాబ్ మనిషి అందుకునేవాడు. నాకు తెలుగు చదవడం వచ్చని విని, లాబ్‌లో పరీక్షలు చేసే అతను ఒక చీటీ రాసి, గొట్టాలు పంపే డబ్బా మూతకు అంటించి పంపాడు. పేరు, తేదీ రాయాలి. మూత గట్టిగా బిగించాలి. చివరి వరుస, గొట్టాలను ఫ్రిజ్‌లో పెట్టరాదు.

నాకోసం ఒకరు రాసిన మొదటి కాగితం అది. మూడుసార్లు చదివాను. ఎంత మర్యాదగా రాశాడో అనుకున్నాను. మా వైపు ఇంటికొచ్చిన మనిషితో "కాసేపు కూర్చోరాదూ" అంటాం. "ఓ ముద్ద తినరాదూ" అంటాం. అది వద్దనడం కాదు, చెయ్యమని బతిమాలడం. రోళ్ళు పగిలే ఎండలు. కాచని పాలు గంటకే విరిగిపోతున్నాయి. ఫ్రిజ్‌లో పెట్టరాదూ అంటున్నాడు, నిజమే కదా అనుకున్నాను. ఇంజెక్షన్ల పక్కన ఒక గిన్నె పెట్టి గొట్టాలు అందులో నిలబెట్టాను.

రిపోర్టులు ఇంగ్లీషులో వచ్చేవి. డాక్టరమ్మ గారు పైకి చదివేవారు. లాబ్‌లో క్రిమి పెరిగితే రోగమున్నట్టు, పెరగకపోతే లేనట్టు. "ఏమీ పెరగలేదు." మర్నాడు ఇంకొకటి. "ఏమీ పెరగలేదు." నా చేతి చలవ అని మురిసిపోయాను. ఒకరోజు ఆవిడ కళ్ళజోడు తీసి, కాగితాలన్నీ బల్ల మీద పరుచుకుని, "ఏంటో, ఈ నెల అందరూ బాగానే ఉన్నారు" అన్నారు. ఆ గొంతులో సంతోషం లేదు. నేను పట్టించుకోలేదు.

ఆ రోజుల్లోనే నిడదవోలు దగ్గర పల్లె నుంచి ఒకావిడ వచ్చింది. కూలికి వెళ్ళే మనిషి, ఎనిమిదో నెల. వెంట నాలుగేళ్ళ కూతురు. ఆ పిల్ల కుడి కంటి మీద మీగడ కట్టినట్టు తెల్లటి పొర. పుట్టిన మూడో రోజుకు కళ్ళు వాచి, చీము కారి, ఆ కన్ను పోయిందట.

"ఈ బిడ్డకన్నా రెండు కళ్ళూ దక్కాలండి. ఏ పరీక్ష అయినా చెయ్యండి, సిగ్గుపడను" అంది.

రోగం తల్లి లోపల ఉంటే పుట్టేటప్పుడు బిడ్డ కళ్ళకు అంటుకుంటుందని, ముందే తెలిస్తే ఇంజెక్షనుతో పోతుందని, మొగుడికి కూడా చెయ్యాలని డాక్టరమ్మ గారు దాచకుండా చెప్పారు.

"కాగితం చూపిస్తే గానీ మా ఆయన నమ్మడండి. ఉత్తినే సూది పొడిపించుకుంటే నన్నే అనుమానిస్తాడు" అంది ఆవిడ.

అందుకని పరీక్షకు పంపారు. ఆ గొట్టాన్ని అందరివాటికంటే జాగ్రత్తగా, ఫ్రిజ్‌లో బాగా వెనక్కి పెట్టాను.

వారం తర్వాత వచ్చి రిపోర్టు విన్నది. ఏమీ పెరగలేదు. ఆవిడ నా రెండు చేతులూ కళ్ళకు అద్దుకుంది. "అయితే పురుడు మా అమ్మ దగ్గరే పోసుకుంటానండి" అని వెళ్ళిపోయింది.

మూడు వారాలు గడిచాయి. ఎండలు ఇంకా ముదిరాయి. బస్సులో గొట్టాలు వేడెక్కుతాయని ఆ రోజు డబ్బాలో ఐసు ముక్కలు కూడా వేశాను. నీళ్ళు కారుతుంటే కండక్టరు, "ఏంటమ్మా, రొయ్యలా? వాటిని మీరే తీసుకెళ్ళండి" అని డబ్బా కింద దింపేశాడు. నీళ్ళు వంచేసి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని తర్వాతి బస్సులో నేనే రాజమండ్రి వెళ్ళాను.

లాబ్ అతను మూత తీశాడు.

"ఇదేంటమ్మా, ఐసు వేశారు?"

"ఒక్క ఫ్రిజ్ చాలదేమోనండి, ఈ ఎండలకి."

"ఫ్రిజ్‌లో పెడుతున్నారా? పెట్టరాదు అని రాశాను కదా."

"అందుకేగా పెట్టింది. పెట్టరాదూ అన్నారు."

అతను పకపకా నవ్వాడు. పక్క బల్ల దగ్గరి మనిషికి చెప్పబోయి, మధ్యలో ఆగిపోయాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నర్సమ్మ గారు రానప్పటి నుంచి."

"కొన్ని క్రిములకి చలి పడదమ్మా. ఒంటి వేడి మీద బతికేవి. చల్లబడితే చచ్చిపోతాయి. ఇన్నాళ్ళూ చచ్చినవాటిని పెంచుతున్నానన్నమాట నేను."

క్రిములను పెంచే పళ్ళెం ఒకటి తీసి చూపించాడు. చాక్లెట్ రంగు జిగురు, నున్నగా, ఒక్క చుక్క లేకుండా ఉంది. ఏమీ లేకపోవడం అంత భయంగా ఉంటుందని నాకు తెలియదు.

"నేను డాక్టరమ్మ గారికి చెప్పన్లెండి. రేపటి నుంచి బయటే పెట్టండి" అన్నాడు.

తిరిగి వస్తూ బ్రిడ్జి మీద నా ఉద్యోగం గురించి ఆలోచించాను. అబద్ధమెందుకు, ముందు దాని గురించే ఆలోచించాను. కొవ్వూరులో దిగేసరికి ఆ పిల్ల కంటి మీది పొర తప్ప ఇంకేమీ కనిపించలేదు.

నేరుగా వెళ్ళి చెప్పేస్తే డాక్టరమ్మ గారు అంతా విన్నారు. రిజిస్టరు తెరిచి, "ఎనిమిదో నెలావిడ ఎక్కడుంది?" అన్నారు.

పుట్టిల్లు ఎక్కడో తెలియదు, పొద్దున్నే ముందు వాళ్ళ ఊరే వెళ్ళాను. ఇంటికి తాళం. పుట్టింట్లో ఉందని, అది పోలవరం దగ్గరని పక్కింటివాళ్ళు చెప్పారు. వెనక్కి కొవ్వూరు వచ్చి పోలవరం బస్సెక్కాను. ఏటిగట్టు వెంట బస్సు ఆగిన ప్రతిచోటా నా ప్రాణం కొట్టుకులాడింది. ఇల్లు కనుక్కునేసరికి మధ్యాహ్నం దాటింది. గుమ్మానికి వేపకొమ్మ కట్టి ఉంది.

"మగబిడ్డండి, మొన్న పుట్టాడు" అంది ఆవిడ తల్లి.

"కళ్ళు ఎలా ఉన్నాయండి?"

"వేడి చేసిందండి, పుసి కడుతోంది. చనుబాలు పిండుతున్నాం."

లోపల చీకటిగా ఉంది. బిడ్డ రెప్పలు రెండూ ఉబ్బి అతుక్కుపోయాయి. బాలింత గుడ్డతో తుడుస్తోంది. తుడిచిన చోట పచ్చటి చీము మళ్ళీ ఊరుతోంది.

"రిపోర్టులో ఏమీ లేదన్నారు కదండీ" అంది నన్ను చూసి.

"రిపోర్టు తప్పమ్మా. ఆ తప్పు నాది. ముందు బయల్దేరండి."

బస్సులో అంతా చెప్పాను. వింటూ ఆవిడ బిడ్డ కళ్ళు తుడుస్తూనే ఉంది.

నర్సింగ్ హోముకు చేరగానే బిడ్డకు ఇంజెక్షన్లు చేశారు. గంటకోసారి ఉప్పునీళ్ళతో కళ్ళు కడిగాం. తల్లికి మళ్ళీ పరీక్ష చేశారు. గొట్టం నేరుగా లాబ్‌కు వెళ్ళింది, ఈసారి క్రిమి పెరిగింది. ఆ కాగితం చూశాక మొగుడు వచ్చి, తల దించుకుని తనూ సూది వేయించుకున్నాడు. నాలుగు రోజులు బిడ్డ కళ్ళు తెరవలేదు. అయిదో రోజు డాక్టరమ్మ గారు టార్చి వేస్తే వాడు చిరాకుగా మొహం తిప్పుకున్నాడు. రెండు కంటిపాపలూ నల్లగా, తేటగా ఉన్నాయి.

ఆ వేసవిలో పరీక్ష చేయించుకున్న మిగతావాళ్ళకు కబురు పంపారు. కొందరు వచ్చారు. రానివాళ్ళ ఒంట్లో ఏం పెరుగుతోందో నాకు ఇప్పటికీ తెలియదు.

బిడ్డను ఇంటికి పంపే రోజున, కళ్ళలో చుక్కలు ఎలా వెయ్యాలో డాక్టరమ్మ గారు తెలుగులో రాసి ఇచ్చారు. బాలింతకు చదువు రాదు. నేను కాగితం అందుకుని, తప్పు పోకుండా వేలు పెట్టి, మాట మాటకూ ఆగుతూ చదివాను. ఆవిడ చివరిదాకా విన్నది.

"ఏమీ అనుకోకండి ఆయమ్మ గారూ. ఒకసారి డాక్టరమ్మ గార్ని చదవమనండి" అంది.

కాగితం మడిచి, డాక్టరమ్మ గారిని పిలవడానికి లోపలికి వెళ్ళాను.