తొమ్మిది అడుగులు

అమెరికాలోని వెర్మాంట్ కొండల్లో ఆర్లో పెల్కీని చూస్తే ప్రతి చెట్టూ నిటారుగా నిలబడుతుంది. సరే, ప్రతి చెట్టూ కాదు, భూసంరక్షణ ట్రస్టు సరిహద్దులో నీలిరంగు పూసినవి మాత్రమే. జీతం పుచ్చుకోని ఆ కాపలాదారుకు డెబ్భై తొమ్మిదేళ్లు. ఏటా మంచు కరగగానే చేతికర్రతో రాతిగోడల వెంట నడుస్తాడు, వెలిసిన గుర్తులకు మళ్లీ రంగు పూస్తాడు. ట్రస్టు అడవిలో ఎవరూ ఏదీ కట్టకూడదు. ఈసారి టేపు పరిచి కొలిస్తే, చనిపోయిన భార్య మేపుల్ చెట్ల రసం కాచి పాకం తీసిన పాకే ట్రస్టు హద్దులోకి తొమ్మిది అడుగులు చొచ్చుకుని ఉంది. తన మీద తానే ట్రస్టుకు ఫిర్యాదు రాశాడు.

"ఉండనివ్వు పెద్దాయనా, ఎవరు చూడొచ్చారు?" అంది ట్రస్టు గుమాస్తా విన్నీ.

"చూడ్డానికేగా నన్ను పెట్టుకున్నారు!"

వారం తిరిగేసరికి పాక ఉన్నచోట చెక్క పలకలు మాత్రమే పేర్చి ఉన్నాయి.

"నువ్వే విప్పావా?" అంది విన్నీ.

"నేనా? గాలికి పడింది."

"గాలే మేకులు పీకి డబ్బాలో పోసిందా?"

"నేనేం రాయలేదు, ఏం విప్పలేదు," అన్నాడు ఆర్లో. "అసలక్కడ ఎప్పుడూ పాకే లేదమ్మా."