మొదటి కొమ్మ

ఇళ్ళకు రంగులు వేసే ఆ మనిషి ప్రతి ఆదివారం పొద్దున్నే ఏడేళ్ళ కూతుర్ని పార్కుకు తీసుకొస్తాడు. నిచ్చెన మీంచి పడి కుడిచెయ్యి విరిగాక అతనికి పని సగమైంది గాని, చెట్టెక్కే సరదా పోలేదు. చెప్పులు విడిచి, ఎడమచేతి ఊతంతోనే మామిడిచెట్టు పంగలోకి పాకి, "రావే బంగారం!" అని కేకేస్తాడు. పిల్ల కొమ్మను తట్టి చూస్తుంది, ఒక కాలు పెట్టి తీసేస్తుంది. దాగుడుమూతల్లో కూడా తండ్రి కనిపించేచోటే దాక్కుంటుంది. "అచ్చం మీ అమ్మ పిరికితనమే," అని అతను నవ్వుతాడు.

మొన్న ఆదివారం అతను కిందే నిలబడి, "పడితే నేను పట్టుకుంటాగా, ఎక్కు," అన్నాడు. పిల్ల కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. "అందుకే ఎక్కను నాన్నా. నువ్వు పట్టుకుంటే నీ చెయ్యి మళ్ళీ విరుగుతుంది." ఏడేళ్ళ పిల్ల ఈ దిగులు ఎన్నాళ్ళుగా మోస్తోందో! అతను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, "సరే, పట్టుకోను. ఒట్టు. నువ్వే జాగ్రత్తగా ఎక్కు," అని అబద్ధమాడాడు. పిల్ల నమ్మింది. మెల్లగా మొదటి కొమ్మ మీదికి చేరి, కాళ్ళూపుకుంటూ కిలకిలా నవ్వింది. కింద అతను తనూ నవ్వాలని చూశాడు గాని, పెదవులు వణికాయి.