బిళ్ల తిరిగి వచ్చిందా

మా అఖిలకు మొదటిసారి కడుపునొప్పి వచ్చినప్పుడు ఐదో తరగతి చదువుతోంది. నేను జడకు రిబ్బను కడుతుంటే పొట్ట పట్టుకుని వంగిపోయింది. బడి ఎగ్గొట్టే వేషమనుకున్నాను. "నీ ఆటలు నా దగ్గర సాగయి" అని సంచి చేతికిచ్చి పంపాను. వాకిలి దాటకముందే వాంతి చేసుకుంది.

వాము నీళ్లు పట్టాను, నులిపురుగుల మాత్ర వేశాను, దిష్టి తీశాను. ఏ ఫలితమూ లేదు. మా ఆయన పేరు ఓదెలు, బాయిలో పనిచేస్తాడు. బొగ్గుగనిని మేం బాయి అంటాం. ఆయన పొద్దుటి షిఫ్టుకు వెళ్లే వారాల్లోనే ఈ నొప్పి వస్తోందని గమనించడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఇరవై నాలుగు గంటలూ ఇంట్లో ఉండేది నేనే, చూడనిదీ నేనే.

దవాఖానలో బ్లడ్ టెస్టులు చేశారు, అల్ట్రాసౌండ్ తీశారు. అన్నీ నార్మల్. పిల్లల డాక్టరు మాత్రం మమ్మల్ని కసురుకోలేదు. "నొప్పి నిజమేనమ్మా, కడుపులో లేదంతే. ఇది యాంగ్జైటీ. కౌన్సెలింగ్‌కు రాస్తున్నాను" అన్నాడు.

సర్కారు కౌన్సెలింగ్ సెంటర్‌లో ఒక మేడం అఖిల చేత బొమ్మలు వేయించింది. పిల్ల వరసగా గుండ్రాలు గీసింది. ఏమిటివని అడిగితే, "బాపు బిళ్ల ఆడ్నే ఉండిపోతే ఎట్ల?" అంది. బాపు అంటే వాళ్ల నాన్న. బాయిలో దిగేవాళ్లు లాంపు రూములో తమ నంబరున్న బిళ్ల ఇచ్చి దీపం తీసుకుంటారు. పైకొచ్చి దీపం అప్పజెప్పి బిళ్ల తీసుకుంటారు. బిళ్ల అక్కడే ఉందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. బాపు కిందున్నంతసేపూ పదేళ్ల పిల్ల బడిలో ఆ బిళ్లనే తలుచుకుంటూ కూర్చుందట.

మేడం దానికి ఊపిరి నెమ్మదిగా తీసి వదలడం నేర్పింది. పైకి రాగానే ఫోన్ చేయమని మా ఆయనకు చెప్పింది. రెండు నెలల్లో పిల్ల కడుపునిండా తిని బడికి పోయింది. అంతలో మేడంకు బదిలీ అయింది. నాలుగు శనివారాలు వెళ్లాం, నాలుగుసార్లూ తాళమే. తర్వాత నేనే మానేశాను. ఎందుకు రావట్లేదని అడిగినవాళ్లు లేరు. నొప్పి మళ్లీ మొదలై బడి పూర్తిగా ఆగింది. పిల్ల నా కొంగు వదల్లేదు, కళ్లముందే చిక్కిపోయింది. దీని బతుకంతా ఇంతేనా అని భయమేసింది.

అలా ఆరు నెలలు గడిచాక, పిల్లల మానసిక ఆరోగ్య సేవలు ఎలా నడుస్తున్నాయో సర్కారు కమిటీ ఒకటి జనం ముందే విచారిస్తుందని ఆశా వర్కర్ చెప్పింది. కమ్యూనిటీ హాల్‌కు వెళ్లాం. ఎంతమంది పిల్లలు వచ్చారో, ఎంత బాగా చూశారో కమిటీ పెద్ద మేడం ముందు సెంటర్ తరఫున ఒకాయన చదివాడు. అప్పుడు మా ఆయన లేచాడు. పెళ్లిచూపుల్లో కూడా నోరు విప్పని మనిషి.

"వచ్చినోళ్ల లెక్క చదివిన్రు, మంచిదే. వచ్చుడు బందైనోళ్ల లెక్క ఏది? మా బాయిల షిఫ్టు అయిపోతే ఎవని బిళ్ల మిగిలిందో అదే చూస్తరు. ఒక్కటి మిగిలినా కిందికి దిగి దేవులాడుతరు. నా బిడ్డ ఆర్నెల్ల సంది కిందనే ఉన్నది మేడం. ఎవలన్న చూసిన్రా?"

కమిటీ పెద్ద మేడం పెన్ను కింద పెట్టింది. "ఆ లెక్క మా దగ్గర లేదు. ఉండాల్సింది. తప్పు మాదే" అంది, మైకులోనే. నలభై ఏళ్లొచ్చాయి నాకు, ఒక ఆఫీసరు నోట ఆ మాట వినడం అదే మొదలు. కలా నిజమా అని మా ఆయన మొహం చూశాను. ఆయనా నా మొహమే చూస్తున్నాడు.

రెండు నెలల్లో సెంటర్‌కు కొత్త కౌన్సెలర్ వచ్చింది. గోడకు మేకులు కొట్టిన బోర్డు వచ్చింది. పిల్లకొకటి చొప్పున రేకు బిళ్లలు కత్తిరించి నంబర్లు వేసింది మా ఆయనే. ఏ పిల్ల వస్తే ఆ వారం ఆ పిల్ల బిళ్ల కుడివైపుకు మారుతుంది. ఎడమవైపే ఉండిపోతే ఆ ఇంటికి ఫోన్ పోతుంది. నెలకోసారి అక్కడికొచ్చే పిల్లల తల్లిదండ్రుల్లో ముగ్గురం కూర్చుని ఆ బోర్డు చూస్తాం. ఏడో తరగతి దాకే చదివిన నన్ను మొదటి రోజు ఆఫీసరే "కూసో అక్కా" అని కుర్చీ జరిపితే, నిజంగా నన్నేనా అని వెనక్కి తిరిగి చూశాను. ఆ వింత నాకింకా తీరలేదు.

మీకు ఒకటే చెప్తాను. మీ పిల్లను తీసుకెళ్లినప్పుడు తలుపుకు తాళం ఉంటే నాలాగా ఊరికే తిరిగి రాకండి. పక్క గదిలో ఎవరున్నా సరే, వచ్చిన తేదీ, పిల్ల పేరు రాయించి రండి.

అఖిల ఇప్పుడు ఏడో తరగతి. పొద్దుటి షిఫ్టు వారాల్లో ఇప్పటికీ ఒక్కోసారి చెయ్యి పొట్ట మీదికి పోతుంది, అయినా బడికి పోతుంది. పోయిన నెల కౌన్సెలర్ "ఇక రానక్కర్లేదు" అంది. పిల్ల కదల్లేదు. బోర్డు వైపు చూపించి, "నా బిళ్ల నాకియ్యిన్రి మేడం. నేను పైకొచ్చిన" అంది. ఇంటికొచ్చి, వాళ్ల బాపు బిళ్ల తగిలించే మేకుకే దాన్నీ తగిలించింది.