అంగిలి మీద తెల్లమచ్చ

తొంభైల్లో అమలాపురంలో బైపీసీ చదివినవాళ్ళను ఎవరినైనా అడగండి, దేవదానం మాస్టారి జువాలజీ క్లాసు గురించి నవ్వుతూ చెబుతారు. జన్యువుల పాఠం వచ్చిన రోజు ఆయన బోర్డు మీద కొబ్బరికాయ బొమ్మ వేసేవారు. "లోపల కొబ్బరుందే, అదర్రా డీఎన్ఏలో ప్రొటీన్లు తయారుచేయించే భాగం. మిగతాదంతా పీచు. ఏ పనికీ రాదు, పరీక్షలోకీ రాదు. వదిలేయండి" అనేవారు. పిల్లలు సంతోషంగా వదిలేసేవారు.

ఆ మాట అనడానికి ఆయనకు నోరెలా వచ్చేదో! ఆయన్ని చదివించింది ఆ పీచే. తల్లి నూకాలమ్మ అంబాజీపేట పక్క పల్లెలో వయసంతా కొబ్బరిపీచు కొట్టి, తాళ్ళు పేనిన మనిషి. బాప్తిస్మంలో మార్తమ్మ అని పేరు పెట్టారు గానీ పాస్టరు గారితో సహా అందరూ నూకాలమ్మా అనే పిలిచేవారు. చర్చిలో పాట ఎత్తుకోవాలంటే ఆవిడే ఎత్తుకోవాలి. ఊరంతా ఆవిడ గొంతు వెనకాలే నడిచేది.

ఆవిడకున్న అలవాటు ఒక్కటే, అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. కాలువ గట్టున గాలికి చుట్ట ఆరకూడదు, ఎండిన పీచు మీద నిప్పురవ్వ పడకూడదు, రెండు చేతులూ పనిలో ఉండాలి. తల్లీ, అమ్మమ్మా అలాగే కాల్చారు, ఈవిడా అలాగే కాల్చింది. కొడుకు లెక్చరరయ్యాక మానమని బతిమాలారు, కోప్పడ్డారు, చుట్టలు దాచేశారు. "నీ చదువు కాలేజీలో చెప్పుకోరా, నా దగ్గర కాదు" అనేది.

రెండువేల ఆరులో కారం తగిలితే నోరు మండుతోందని నూకాలమ్మ అంటుంటే, కోడలు కృపావతి నోరు తెరిపించి చూసింది. అంగిలి మీద తెల్లగా మచ్చ. కాకినాడ తీసుకెళ్ళారు. డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్ష చేయించి, "ఇంకా క్యాన్సరు అవ్వలేదండీ. కానీ అటే నడుస్తోంది. ఇప్పుడైతే మచ్చ వరకూ కోసేస్తే సరిపోతుంది. ఆలస్యం చేస్తే నా చేతుల్లో ఉండదు" అన్నాడు.

"కోస్తే పాట పోద్దా బాబూ?" అంది నూకాలమ్మ.

"గొంతులో కొంచెం తేడా రావచ్చండీ."

ఆవిడ చీర కొంగు దులుపుకుని బయటికి వచ్చేసింది. ఎంత చెప్పినా మళ్ళీ ఆ గుమ్మం ఎక్కనంది.

అప్పుడు గట్టిగా రెక్క పట్టుకుని తీసుకెళ్ళాల్సిన మనిషి దేవదానం మాస్టారే. తీసుకెళ్ళేవారే, ఆ వారమే ప్రవీణ్ కుమార్ రాకపోయి ఉంటే. ప్రవీణ్ ఆయన శిష్యుడు, హైదరాబాదులో పరిశోధన చేస్తున్నాడు. అడ్డపొగ కాల్చే ఆడవాళ్ళ నోటి మచ్చల మీదే వాడి పని. ఊళ్ళో సాయం చెయ్యమని గురువు దగ్గరకొచ్చాడు.

"సార్, మీరు పీచని వదిలెయ్యమన్నారు చూడండీ, దాన్నించి చిన్నచిన్న ఆర్ఎన్ఏలు పుడతాయండీ" అన్నాడు. "అవి ప్రొటీన్లు తయారుచెయ్యవు. తయారుచేసేవాటిని పట్టుకుని నోరు నొక్కేస్తాయి. కణం అదుపు తప్పకుండా కాసే ప్రొటీన్లు ఉంటాయి కదండీ, వాటిని నొక్కేస్తే ఇంక కణాన్ని ఆపేదెవరండీ? ఏ మచ్చ క్యాన్సరవుద్దో, ఏది అవ్వదో వీటినిబట్టి ముందే తెలుస్తుందేమోనని చూస్తున్నామండీ."

మాస్టారికి ఒళ్ళు పులకరించింది. తను పదిహేనేళ్ళు తప్పు చెప్పానన్న చిన్నతనం లేదు, శిష్యుడు తనకే పాఠం చెబుతున్నాడన్న ఆనందం తప్ప. ఆ ఆనందంలో మాట చివరనున్న "ఏమో" ఆయన చెవికి ఎక్కలేదు.

"అయితే మా అమ్మది చూసి చెప్పెయ్యరా. అక్కర్లేదంటే కోత తప్పిపోద్ది."

ప్రవీణ్ కంగారుపడ్డాడు. "ఇది పరిశోధనండీ సార్, మనిషి మనిషికీ రిపోర్టు ఇవ్వడం అంటే..."

"నువ్వు తలుచుకుంటే అవ్వదేంట్రా!"

మా వైపు మాస్టారి మొహం మీద కాదని చెప్పే పిల్లాడు ఇంకా పుట్టలేదు. "ఆయ్, చూస్తానండీ" అన్నాడు ప్రవీణ్. అందరి దగ్గరా తీసుకున్నట్టే నూకాలమ్మ మచ్చ అంచున మినపగింజంత ముక్క తీయించుకుని, ఐసు పెట్టెలో పెట్టుకుని రైలెక్కాడు.

ఇక ఎదురుచూపులు. తల్లికి పాట పోతుందని భయం, కొడుక్కి తల్లిని కత్తి కింద పడుకోబెట్టాలంటే భయం. ఇద్దరికీ ఆ ముక్క మంచి సాకయింది. కృపావతి ఒక్కతే గింజుకుంది. "డాక్టరు గారు కొయ్యమన్నాక ఇంకెవరు చెప్పాలండీ?" అంటే, "నీకు తెలీదు, ఇది కొత్త సైన్సు" అనేవారు ఆయన. ఫోన్ చేసినప్పుడల్లా ప్రవీణ్, "ఇంకా అవ్వలేదండీ సార్" అనేవాడు. అందులో అబద్ధమూ లేదు, నిజమూ లేదు. నూకాలమ్మ ప్రతి ఆదివారం వాడి పేరు పెట్టి ప్రార్థన చేయించేది.

వేసవి పోయింది, వానలు పోయాయి. తెల్లమచ్చ ఎర్రబడింది, పుండయింది. ఒక పొద్దున కృపావతి గంజి పట్టిస్తుంటే అది ముక్కులోంచి వచ్చేసింది. కాకినాడ పరిగెత్తారు. అదే డాక్టరు. లైటు వేసి చూసి, మెడ తడిమి, మాస్టారిని బయటికి పిలిచాడు. "ఎముకలోకి దిగిపోయిందండీ. ఇంక కొయ్యడానికేం లేదు" అన్నాడు. దేవదానం మాస్టారు ఆసుపత్రి మెట్ల మీద కూలబడి, సిగ్గు విడిచి ఏడ్చారు. తల్లికి మాత్రం డాక్టరు మాట చెప్పలేదు. అంత చదువుకున్న మనిషి, అంత తేలిగ్గా చేతులారా పోగొట్టుకున్నారు.

కొన్నాళ్ళకు ప్రవీణ్ వచ్చాడు. తన పరిశోధన పత్రం అచ్చయిందని గురువుకు చూపించాలని వచ్చాడు, మంచం మీదున్న మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. మాస్టారు ఆ కాగితం అందుకున్నారు. పేజీ నిండా చుక్కలు. క్యాన్సరుగా మారిన మచ్చలు పైన, మారనివి కింద.

"ఇందులో మా అమ్మ ఏదిరా?"

"పేర్లుండవండీ సార్. ముక్కల మీదా మొదటినించీ ఉండవండీ, ఏది ఎవరిదో మాకూ తెలీదండీ."

"ఆ రోజే చెప్పకపోయావా?"

"మీకెలా చెప్పనండీ..." వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నూకాలమ్మ మంచం మీంచి చెయ్యి ఊపింది. ప్రవీణ్ దగ్గరికెళ్ళి వంగాడు. ఆవిడ ఏదో చెప్పింది, మళ్ళీ చెప్పింది. గాలంతా ముక్కులోంచి పోతుంటే మాట నిలబడటం లేదు. అది ఇంట్లోవాళ్ళిద్దరికే అర్థమవుతుంది.

"కోయించేసుకుంటాను బాబూ. పాట పోతే పోనీ. డాక్టరు గారితో నువ్వొక్క మాట చెప్పు" అంటోంది.

"ఏమంటున్నారండీ సార్?" అన్నాడు ప్రవీణ్.

మాస్టారు భార్య వైపు చూశారు. కృపావతి తల దించుకుంది.

"కాఫీ తాగి వెళ్ళమంటోందిరా" అన్నారాయన, తల్లికి వినపడకుండా గొంతు తగ్గించి.

"ఆయ్, అలాగేనండీ మామ్మగారూ!" అన్నాడు ప్రవీణ్, ఆవిడకు వినపడేలా గట్టిగా.

నూకాలమ్మ వాడి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకుంది. కృపావతి కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.